"నేను వదల్లేదండీ, అదే వదిలేసింది": ఒక ఎడమ బటన్ కేసు

నా రిపేరు బల్ల మీదికి మౌస్‌లు రావడమే తక్కువ. చెడిపోతే పారేసి కొత్తది కొనుక్కుంటారు, అడిగిన చాలామందికి నేనూ అదే చెబుతాను. ఈ ఒక్కదాన్ని వివరంగా రాసిపెట్టుకోవడానికి కారణం ఉంది. ఇందులో నేను రెండుసార్లు తప్పుదారి పట్టాను. మొదటిసారైతే "ఏ లోపమూ లేదు" అని చీటీ రాసి మరీ వెనక్కి పంపాను.

నేపథ్యం

మౌస్ తెచ్చినావిడ ఫొటో ఆల్బమ్ పేజీలు కూర్చే డిజైనర్. పొద్దస్తమానం ఆవిడ చేసేది ఒకటే పని: ఫొటోను పట్టుకోవడం, పేజీ మీదికి లాగడం, వదలడం. నాలుగేళ్లుగా ఒకే మౌస్. వైరుది, కుడిచేతి వాటానికి మలిచినది, మామూలు వాటికన్నా కాస్త బొద్దుగా ఉంటుంది. ఆ మోడల్ ఇప్పుడు తయారవడం లేదు. అప్పటికే రెండు కొత్తవి కొని చూశారట. మణికట్టు నొప్పి తిరగబెట్టడంతో రెండింటినీ పక్కన పడేశారు. "చెయ్యి దీనికే అలవాటు పడిపోయిందండీ, ఎలాగైనా బతికించండి" అన్నారు. కొత్తది కొనుక్కోండి అనే నా మామూలు సలహాకు ఇక్కడ చోటు లేదు.

సమస్య

ఆవిడ చెప్పింది వైరస్ కథ. ఫైళ్లు వాటంతట అవే పక్క ఫోల్డర్లలోకి వెళ్లిపోతున్నాయని. ఒకరోజు పూర్తయిన పని ఉన్న ఫోల్డరే కనబడకుండా పోయింది. పూట పూటంతా వెతికితే మరో ఫోల్డర్ లోపల దొరికింది. నిదానంగా అడిగితే మిగతావి ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒకసారి నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంటోంది. వాక్యం ఎంచుకుంటుంటే సగంలో ఎంపిక చెదిరిపోతోంది. ఫొటో లాగుతుంటే దారిలోనే జారిపోతోంది. "నేను వేలు తియ్యలేదండీ. పట్టుకునే ఉన్నాను, అదే వదిలేస్తోంది" అన్నారు.

ఆ చివరి మాటలో రోగం పేరు ఉంది. అప్పుడు నాకు పట్టలేదు. నేను "డబుల్ క్లిక్ సమస్య" అని మాత్రమే రాసుకున్నాను.

నా దగ్గరికి రాకముందే ఆవిడ చాలా చేశారు. వైరస్ స్కాన్ నడిపారు, యూఎస్‌బీ పోర్టు మార్చారు, డ్రైవర్ తీసేసి మళ్లీ వేశారు, విండోస్ సెట్టింగ్స్‌లో డబుల్ క్లిక్ వేగాన్ని ఈ చివరికీ ఆ చివరికీ జరిపి చూశారు. ఈ ఆఖరిది దాదాపు అందరూ చేసే పని కాబట్టి ఒక మాట. ఆ మీట చెప్పేది రెండు క్లిక్‌ల మధ్య ఎంత ఎక్కువ ఆలస్యం ఉండొచ్చో మాత్రమే. మొదట్లో అది 500 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుంది, ఎంత బిగించినా 200 దగ్గర ఆగుతుంది. కనీసం ఇంత ఎడం ఉండాలి అని చెప్పే మీట అక్కడ లేదు. చెడిపోయిన స్విచ్ రెండో క్లిక్‌ను కొన్ని మిల్లీసెకన్లలోనే పంపేస్తుంది. ఆ మీట ఎక్కడున్నా అది దర్జాగా డబుల్ క్లిక్ కిందే చెల్లుతుంది.

మొదటి తప్పు

మౌస్‌ను నా బల్ల మీది కంప్యూటర్‌కు పెట్టాను. అది విండోస్‌ది కాదు, లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే మిషన్. ఓ ఇరవై నిమిషాలు నొక్కాను, లాగాను, ఫోల్డర్లు అటూ ఇటూ మార్చాను. మొదట్లో ఒక్కసారి ఏదో జారినట్టనిపించింది, నా వేలిదే పొరపాటు అనుకున్నాను. తర్వాత ఒక్క తప్పు కూడా లేదు. లోపం ఆవిడ కంప్యూటర్‌లో ఉందని తేల్చేసి, చీటీ రాసి పంపేశాను.

రెండు రోజులకు ఫోన్ వచ్చింది. గొంతులో కోపం లేదు, నీరసం ఉంది. అప్పటికి నాకూ కొంచెం సిగ్గేసింది కాబట్టి, ఏ పనిముట్టూ అక్కర్లేని పరీక్ష ఏదైనా ఉందా అని ఆలోచించాను. ఉంది. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో ప్రధాన బటన్‌ను ఎడమ నుంచి కుడికి మార్చమన్నాను. అలా మారిస్తే కుడి బటన్ ఎడమ దాని పని చేస్తుంది, ఎడమది కుడి దాని పని చేస్తుంది. లోపం సాఫ్ట్‌వేర్‌దైతే ఏ వేలితో లాగినా ఫొటో జారాలి. స్విచ్‌దైతే కుడి బటన్‌తో లాగినప్పుడు జారకూడదు. గంట తర్వాత మెసేజ్ వచ్చింది: "ఒక్కటి కూడా జారలేదు. కానీ బుర్ర తిరుగుతోంది."

అంటే దొంగ ఎడమ బటన్ కిందే ఉన్నాడు. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, ఖర్చు లేదు, మౌస్ విప్పనక్కర్లేదు. మొదటిరోజే చేయించి ఉండాల్సింది. పైగా ఇది తాత్కాలిక వైద్యంగానూ పనికొచ్చింది: మౌస్ నా దగ్గరికి తిరిగొచ్చేదాకా ఆవిడ మధ్యవేలితోనే పని లాగించారు.

మరి నా మిషన్‌లో ఎందుకు కనబడలేదు? లినక్స్‌లో మౌస్ సంకేతాలు ప్రోగ్రాములకు చేరేముందు లిబ్‌ఇన్‌పుట్ అనే పొర గుండా వెళతాయి. బటన్ అదురుతోందని అది ఒకసారి పసిగట్టిందంటే, ఆ తర్వాత అలాంటి దొంగ వదలడాలను తనంతట తానే మింగేస్తుంది. మొదట్లో ఒక్కసారి జారిందని చెప్పాను చూడండి, అదే అసలు సాక్ష్యం. దాంతో వడపోత మొదలైంది, మిగతా ఇరవై నిమిషాలూ నేను పరీక్షించింది ఆ వడపోతను. అది రాసుకునే చిట్టా, అంటే లాగ్ తెరిస్తే బటన్ వడపోత మొదలుపెట్టినట్టు అందులో వాక్యం కూడా ఉంది.

ఈసారి ఆ పొరకు కింద, ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమైన కెర్నెల్ దగ్గరే సంకేతాలు చూపించే ఈవీటెస్ట్ అనే ప్రోగ్రాము నడిపాను. ఎడమ బటన్ నొక్కిపట్టి, బల్ల మీద ఒక నిమిషం పాటు నెమ్మదిగా సున్నాలు చుట్టాను. తెరమీద విలువ 1 గానే నిలబడాలి, వేలు తీసినప్పుడే 0 కావాలి. నేను వేలు తీయకుండానే అది 14 సార్లు 0 అయి మళ్లీ 1 అయింది. ప్రతిసారీ ఎడం సరిగ్గా 8 మిల్లీసెకన్లు. ఆ ఎనిమిదుల లెక్క మౌస్ రోగానిది కాదు. ఇలాంటి సాదా మౌస్‌ను కంప్యూటర్ సెకనుకు 125 సార్లు పలకరిస్తుంది, అంటే ప్రతి 8 మిల్లీసెకన్లకు ఒకసారి. లోపల కాంటాక్ట్ ఎంతసేపు విడిపోయినా మనకు కనబడేది ఆ మెట్ల మీదే. కుడి బటన్‌తో అదే నిమిషం చుడితే ఒక్కటీ లేదు.

మనిషి వేలు ఎంత చురుకైనదైనా 8 మిల్లీసెకన్లలో లేచి మళ్లీ పడలేదు. ఇక వాదన లేదు.

లోపల ఏం జరుగుతోంది

మౌస్ బటన్ కింద ఉండేది చిన్న నల్ల పెట్టె, మైక్రో స్విచ్ అంటాం. దాదాపు 12.8 మిల్లీమీటర్ల పొడవు, 5.8 వెడల్పు, కింద మూడు కాళ్లు. లోపల పల్చటి రాగి మిశ్రమపు రేకు విల్లులా వంగి ఉంటుంది. పైనుంచి నొక్కితే ఒక దశలో అది టక్కున కిందికి తిరగబడి కింది కాంటాక్ట్‌ను తాకుతుంది. ఆ "టక్" మనం వినే క్లిక్. కొత్త స్విచ్ కూడా తాకినప్పుడు కాస్త అదురుతుంది. ఆ అదురును పట్టించుకోకుండా మౌస్ చిప్ కొన్ని మిల్లీసెకన్లు ఆగుతుంది. వయసుతో రేకు బిగువు తగ్గి, కాంటాక్ట్ మీద నల్లటి పొర చేరితే, నొక్కిపట్టి ఉన్నా సరే వేలి బరువు కొంచెం అటూ ఇటూ అయినప్పుడల్లా కనెక్షన్ తెగి అతుక్కుంటుంది. చిప్ ఓపిక పట్టే గడువు చాలదు. లాగుతున్నప్పుడే ఎక్కువగా జారడానికి కారణం ఇదే: లాగేటప్పుడు వేలి బరువు క్షణక్షణం మారుతుంది, బల్ల గరుకు కూడా చేతిలోకి వస్తుంది.

దీని మీద ఆవిడ సూటిగా ఒక ప్రశ్న వేశారు. "రెండు కోట్ల క్లిక్‌లు వస్తుందని కంపెనీవాళ్లు రాశారు కదండీ, అప్పుడే ఎలా పోయింది?" లెక్క వేస్తే రోజుకు 5,000 క్లిక్‌లైనా 4,000 రోజులు రావాలి. పదేళ్లు దాటాలన్నమాట. అయితే అలాంటి అంకె ముఖ్యంగా చెప్పేది రేకు ఎన్ని వంపులకు ఓర్చుకుంటుందో. కాంటాక్ట్ మీద పొర చేరడం వేరే గడియారం మీద నడుస్తుంది. మామూలు మైక్రో స్విచ్‌లలో వెండి కాంటాక్ట్‌లు ఉంటాయి. ఎక్కువ కరెంటు ప్రవహించే చోట ఆ కరెంటే చిన్న నిప్పురవ్వలతో పొరను కాల్చి శుభ్రం చేస్తుంది. చాలా మౌస్‌లలో వోల్టేజీ 3.3 లేదా అంతకన్నా తక్కువ, చిప్ లోపలి రెసిస్టర్ పదుల కిలో ఓమ్‌లు. ప్రవహించేది మిల్లీ ఆంపియర్‌లో పదో వంతు ఉంటే గొప్ప. దాంతో ఏ పొరా కాలదు.

శుభ్రం చేయడం

స్విచ్ మార్చాలని అప్పటికే అనిపించింది. అయినా ముందు కాంటాక్ట్ క్లీనర్ ప్రయత్నించాను. దాంతో పోయేదేమీ లేదు, ఏదీ ఊడదు, ఏదీ విరగదు. వెనక్కి రాలేని పనిని చివర పెట్టుకోవడం నాకు అలవాటు.

మౌస్ విప్పడంలో ఒక చిన్న సంగతి. స్క్రూలు అడుగున జారుడు పట్టీల కింద దాక్కుని ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు పట్టీని గోటితో లాగితే ముడత పడుతుంది, తిరిగి అతికించాక ఆ మడత బల్లకు గీసుకుంటూనే ఉంటుంది. హెయిర్ డ్రయర్‌తో అర నిమిషం వేడి చేసి, పల్చటి ప్లాస్టిక్ ముక్కతో ఒక మూల నుంచి నెమ్మదిగా లేపితే జిగురుతో సహా చక్కగా వస్తుంది.

స్విచ్ పైనుండే తెల్లటి బొడిపె పక్క సందులో ఒక చుక్క వేసి, ఓ యాభైసార్లు నొక్కాను. ఆరనిచ్చి ఈవీటెస్ట్ నడిపితే 14 కాస్తా సున్నా. పంపేశాను. మూడో రోజు సాయంత్రం మళ్లీ ఫొటో జారింది. క్లీనర్ దుమ్మును, జిడ్డును కడుగుతుంది. లోహం మీదే పట్టిన నలుపును అది ముట్టుకోదు. ఆ కాసేపు బాగుపడటం అడ్డుపడ్డ చెత్త పక్కకు జరగడం వల్లేనని నా లెక్క.

రేకు వంచడం

కొత్త స్విచ్‌లకు ఆర్డర్ పెట్టాను, రావడానికి వ్యవధి ఉంది. ఈలోపు స్విచ్ విప్పి రేకును బిగించే పాత చిట్కా పట్టుకున్నాను. పెట్టె రెండు పక్కలా ఉన్న కొక్కేల దగ్గర బ్లేడు మొన పెట్టి మూత లేపాలి. మూత రాగానే అందరికీ జరిగేదే నాకూ జరిగింది: తెల్ల బొడిపె ఎగిరి నేల మీద పడింది. బియ్యపు గింజలో సగం ఉండే ఆ ముక్క కోసం టార్చి పట్టుకుని పది నిమిషాలు నేల మీద పాకాను. ఇప్పుడైతే పారదర్శక కవర్ లోపల చేతులు పెట్టి మూత తీస్తున్నాను.

భూతద్దంలో కింది కాంటాక్ట్ మధ్యలో ఆవగింజలో పదో వంతు నల్ల మచ్చ కనబడింది. ఆల్కహాల్‌లో తడిపిన కాగితం ముక్కను సందులోంచి లాగితే కాగితం మీద సన్నటి బూడిదరంగు గీత పడింది. మచ్చ పల్చబడింది గానీ పోలేదు. రేకు మధ్య నాలుకను పట్టకారుతో అర మిల్లీమీటర్ కన్నా తక్కువే పైకి వంచాను. మూత వేశాక క్లిక్ గట్టిగా, కొత్తదానిలా పలికింది. అది వినగానే పని అయిపోయిందనుకున్నాను.

పదకొండు రోజులు నడిచింది. పన్నెండో రోజు పరీక్షలో నిమిషానికి మూడు జారుడులు. 14 కన్నా తక్కువే. కానీ ఎడం ఇప్పుడు 24, 40, ఒకటి 56 మిల్లీసెకన్లు. పైగా బటన్ గట్టిపడి సాయంత్రానికి చూపుడువేలు లాగేస్తోందన్నారు ఆవిడ. మణికట్టు నొప్పి రాకూడదనే ఈ మౌస్‌ను అట్టిపెట్టుకున్న మనిషికి నేను వేలి నొప్పి తెచ్చిపెట్టాను. రేకును వంచితే ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడి పొరను చీల్చుకుని కొన్నాళ్లు తాకుతుంది, అంతే. పొర అక్కడే ఉంది.

ఈ దశలో సాఫ్ట్‌వేర్ దారి కూడా ఆలోచించాను. త్వరత్వరగా వచ్చే రెండో క్లిక్‌ను మింగేసే చిన్న ప్రోగ్రాములు విండోస్‌కూ ఉన్నాయి. నా లినక్స్ మిషన్ అదే పని చేసి నన్ను మోసం చేసింది కదా, ఆవిడను ఆదుకోదా? అన్నీ 8 మిల్లీసెకన్లుగా ఉన్నప్పుడైతే ఆదుకునేది. 56 దాకా వచ్చాక వడపోతను అంతకన్నా పైకి పెట్టాలి. అప్పుడు ప్రతి వదలడమూ ఆలస్యమవుతుంది, వేగంగా చేసే అసలైన డబుల్ క్లిక్‌లు కూడా దెబ్బతినడం మొదలవుతుంది. రోగం పెరిగేదైనప్పుడు వడపోత దాని వెనక పరుగెత్తుతూనే ఉండాలి. వద్దనుకున్నాను.

మరొకటి కూడా ఉంది: కుడి స్విచ్‌ను ఎడమకు, ఎడమది కుడికి మార్చేయడం. కుడి బటన్‌తో లాగే పని తక్కువ కాబట్టి చాలామందికి ఇది నిజంగానే సరిపోతుంది. కొత్త విడిభాగం కూడా అక్కర్లేదు. కానీ రెండింటినీ సోల్డర్ (కాళ్లను బోర్డుకు అతికించే, వేడికి కరిగే లోహం) నుంచి ఊడదీసి మళ్లీ పెట్టేంత శ్రమ పడుతున్నప్పుడు, నాలుగేళ్ల పాతదాన్నే తిరిగి పెట్టడం నాకు నచ్చలేదు.

స్విచ్ మార్చడం

ఎంచుకున్నది ఆమ్రాన్ కంపెనీ స్విచ్, మోడల్ డి2ఎఫ్-01ఎఫ్. కారణం కాంటాక్ట్‌లు. అవి బంగారు మిశ్రమం, 30 వోల్టుల దగ్గర 0.1 ఆంపియర్‌కు మించని చిన్న లోడ్‌ల కోసం చేసినవి. నిక్కచ్చిగా చూస్తే దాని కేటలాగ్‌లో కనీస లోడ్ 5 వోల్టుల దగ్గర 1 మిల్లీ ఆంపియర్ అని ఉంటుంది, మౌస్ ఇచ్చేది అంతకన్నా తక్కువే. అయినా బంగారానికి నలుపు పట్టదు గనక వెండి కన్నా మేలు. కాళ్ల అమరిక పాతదానితో సరిగ్గా సరిపోయింది. ఎడమ కుడి రెండూ మార్చాలని నిర్ణయించాను, ఒకటి కొత్తది ఒకటి పాతది అయితే రెండు వేళ్లకూ రెండు రకాల క్లిక్ తగులుతుంది.

బోర్డు ఒకవైపే రాగి ఉన్న సాదా రకం. ఇలాంటి దాని మీద ప్యాడ్‌లు, అంటే కాళ్లు అతికే రాగి చోట్లు, కాగితం మీద అతికించిన బిళ్లల్లా ఉంటాయి. సోల్డర్ బాగా పారేలా చేసే ఫ్లక్స్ రాసి, పాత సోల్డర్ మీద కొంచెం కొత్తది కలిపి, ఇంకా కరిగి ఉండగానే విక్ అనే రాగి అల్లికతో పీల్చాలి. తర్వాత ప్రతి కాలినీ పట్టకారుతో కదిపి, మూడూ వదులయ్యాయని తేలాకే స్విచ్‌ను తీయాలి. కుడి దాన్ని ఈ పద్ధతిలోనే తీశాను. ఎడమ దాని దగ్గర రెండు కాళ్లు వదులయ్యాయి కదా అని కొంచెం లాగాను. మూడో కాలు ప్యాడ్‌ను వెంటేసుకుని వచ్చింది. అది కామన్ కాలు, రేకుకు కనెక్షన్ ఇచ్చేది; అది లేకపోతే బటనే లేదు. ఆ గీత బోర్డు మీద ఎటు పోతోందో వెతికి, తర్వాతి సోల్డర్ చుక్క దాకా సన్నటి తీగ వేశాను. మూడో కాలు దగ్గర ఇంకో పది సెకన్లు ఆగి ఉంటే ఈ అరగంట మిగిలేది.

అంతా బిగించాక ఇంకో చిక్కు. బటన్ ముందువైపు నొక్కితే క్లిక్ వస్తోంది, కొంచెం వెనక నొక్కితే మెత్తగా దిగుతోందే గానీ పలకడం లేదు. మళ్లీ విప్పి పై డొప్పను తిరగేసి వెలుగులో పట్టుకుంటే, బొడిపె తగిలే చోట ప్లాస్టిక్ అరిగి నిగనిగలాడే గుంట పడి ఉంది. నాలుగేళ్ల క్లిక్‌లు అక్కడ గోయి తవ్వాయి. ఆ ఖాళీ అంతా వేలు ఊరికే దిగాల్సిన దూరం. గుంట మీద వేడికి ఓర్చే పసుపు టేపు ముక్క ఒక పొర అతికించాను, సరిపోయింది. సరదాకి రెండో పొర వేసి చూస్తే బటన్ ముట్టుకోకుండానే నొక్కుకుని కూర్చుంది. తీసేశాను.

ఈవీటెస్ట్ ఐదు నిమిషాలు: సున్నా. ఆ సున్నాను ఇదివరకు ఒకసారి నమ్మి మోసపోయాను కాబట్టి, ఆవిడ కంప్యూటర్ మీదే, అసలు పని మీదే వారం రోజులు చూడమన్నాను. ఆ వారం బిల్లు వేయలేదు.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు బటన్ ఫిర్యాదు వస్తే మొదట అడిగేది "నొక్కిపట్టి లాగితే జారుతోందా?" అని. ఒకసారి నొక్కితే రెండుసార్లు పడటానికి సెట్టింగ్స్ కూడా కారణం కావచ్చు, ఒకే క్లిక్‌కు ఫోల్డర్ తెరుచుకునేలా పెట్టుకుని మరిచిపోయేవాళ్లూ ఉన్నారు. పట్టుకున్నది జారడం మాత్రం దాదాపు ఎప్పుడూ స్విచ్‌దే. ఆ తర్వాత ప్రధాన బటన్ మార్చే పరీక్ష ఫోన్ మీదే చేయిస్తాను. లోపం కనబడలేదంటే నా పరీక్షలో ఏ పొర దాన్ని దాస్తోందో చూసుకుంటాను.

ఇక రిపేరా, కొత్తదా అన్న ప్రశ్న. పైపూత జిగటగా కరుగుతున్న మౌస్‌ను, వైరు మొదట్లో తెగి తెగి ఆడుతున్నదాన్ని, స్విచ్ కాళ్లు బోర్డు రంధ్రాల్లోంచి రాకుండా ఉపరితలం మీదే అతికి ఉన్నదాన్ని నేను తీసుకోను. బటన్ కింద లోహపు కాంటాక్ట్ బదులు కాంతిని అడ్డుకుని పనిచేసే స్విచ్‌లున్న మౌస్‌లు వచ్చాయి, వాటిలో ఈ రోగానికి తావు లేదు. కొత్తది కొనేవాళ్లకు అవి చూపిస్తాను. ఆకారం చేతికి కుదిరి, మరొకటి దొరకని పరిస్థితి ఉంటేనే సోల్డరింగ్ ఐరన్ వేడి చేస్తున్నాను.

ఎనిమిది నెలల తర్వాత అదే మౌస్ మళ్లీ వచ్చింది. ఎడమ బటన్ పరీక్షలో సున్నా, కుడిదీ సున్నా. ఈసారి చక్రం కిందికి తిప్పితే పేజీ అప్పుడప్పుడు పైకి ఎగురుతోంది. "ఇది కూడా వైరస్ కాదు కదండీ?" అని అడిగి, తనే నవ్వేశారు. చక్రం ఎటు తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్ అనే భాగం పని అని చెప్పి, హెయిర్ డ్రయర్ కోసం లేచాను.